మా ఇంటి చేతిమాట

ఆ రోజుల్లో మా ఇంట్లో పగటిపూట భార్యతో మాట్లాడగలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమెకు చెవులు వినిపించకపోవడమే అందుకు కారణం.

ఇది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరుకు నాలుగు కోసుల దూరంలో, పెదపాడు దగ్గర మా ఊరు. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అప్పట్లో తప్పు. మా అన్నయ్యకు దాహం వేస్తే గోడకేసి చూస్తూ "మంచినీళ్ళు" అనేవాడు. వదిన తలుపు చాటు నుంచి చెంబు ముందుకు జరిపేది. వదిన ఏదైనా చెప్పదలచుకుంటే మా అమ్మతో చెప్పాలి, అమ్మ అన్నయ్యతో చెప్పాలి. అంత దూరం నడిచి వచ్చిన మాట వదిన అన్నట్టు కాక అమ్మ అన్నట్టు ఉండేది.

నా భార్యకు ఆ బాధ లేదు. పెరట్లో పిడకలు చరుస్తూనే తల ఎత్తి, అరుగు మీద చొక్కా తొడుక్కుంటున్న నాతో "సాయంత్రం మిరియాలు తీసుకురా. మీ అమ్మకు దగ్గు తగ్గలేదు. నీ చొక్కా మెడ దగ్గర చిరిగింది, వేరేది వేసుకో" అని పేడ చేతులతోనే చెప్పేసేది. మా ఇద్దరి మధ్య అమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఉండేది. మాటలు ఆమె తల మీదుగా వెళ్ళిపోయేవి. నోరు కదలలేదు కాబట్టి మర్యాద తప్పినట్టు కాదు. ఆ సంగతి ఏ పెద్దలూ ముందుగా ఆలోచించి నిషేధించలేదు.

ఆమె నా మేనత్త కూతురు. మేనత్తను కొల్లేటి అంచున ఉన్న ఊరికిచ్చారు. పిల్లకు నాలుగో ఏట విషజ్వరం వచ్చి చెవులు పోయాయి. నేర్చిన నాలుగు మాటలూ కొన్నాళ్ళకు పోయాయి. వేరే ఊళ్ళో అయితే ఆ పిల్ల ఒక మూల కూర్చుని పెరిగేది. కొల్లేటి మనుషులకు మాత్రం చేతులతో మాట్లాడుకోవడం కొత్త కాదు. సరస్సు మీద గాలి ఎదురుతిరిగితే పక్క దోనెలో మనిషి వేసిన కేక కూడా అందదు. పిట్టల కోసం పొంచి ఉన్నవాళ్ళు నోరు తెరవనే కూడదు. లోతుంది, ఇటు రా, వల బరువెక్కింది, ఇంటికి పోదాం, ఇవన్నీ దోనెకూ దోనెకూ మధ్య చేతులమీదే నడిచేవి. మా మేనత్త ఇంటివాళ్ళు ఆ సైగలకు వంటిల్లు, పెరడు, చుట్టరికాలు, కోపతాపాలు చేర్చుకుని ఒక పూర్తి భాష చేసుకున్నారు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు నాకూ అది పట్టుబడింది. మా నాన్నగారు పోయేముందు చెల్లెలికిచ్చిన మాట ప్రకారం మా పెళ్ళి జరిగింది. మా అమ్మ ఆ మాట నిలబెట్టింది. అందుకు ఆమెను ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ కోడలితో ఆమె చేతులతో ఎన్నడూ మాట్లాడలేదు. ఏదైనా పని చెప్పాలంటే గట్టిగా అరిచేది. అరిచినా వినపడదని తెలిసి కూడా అరిచేది.

"ఆ తిప్పడాలు నా వల్ల కావు. భోగం మేళంలా ఏవిటది," అనేది.

వదిన మాత్రం మూడు నెలల్లో సగం భాష నేర్చేసింది. అన్నయ్యకు నేర్పే పూచీ నా మీద పెట్టింది.

"ఏవండీ మరిదిగారూ, మీరిద్దరూ రోజంతా కబుర్లాడుకుంటారు. పెళ్ళై ఎనిమిదేళ్ళయింది, నేను ఇప్పటికీ గోడ పెళ్ళాన్నే. మీ అన్నగారికి కూడా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి."

అన్నయ్యకు నాగలి మీద ఉన్నంత నేర్పు వేళ్ళ మీద లేదు. ఒకరోజు ఏలూరు సంతకు వెళ్తుంటే వదిన స్తంభం చాటు నుంచి మల్లెపూలు తెమ్మని సైగ చేసింది. అన్నయ్య పెద్దగా తలూపి వెళ్ళి, సాయంత్రం అరవీసె వెల్లుల్లి తెచ్చాడు. అమ్మ ఆశ్చర్యపోయింది.

"నిన్న కాక మొన్నేగా తెచ్చేవు? ఎవరు తెమ్మన్నారు?"

అన్నయ్య గోడకేసి చూశాడు. వదిన వంటింట్లోకి పారిపోయి నవ్వు ఆపుకోలేక దగ్గింది. పదిరోజులపాటు ప్రతి కూరలోనూ వెల్లుల్లి తిన్నాం. తర్వాత అన్నయ్య కూడా బాగానే నేర్చుకున్నాడు.

నేను ఏలూరులో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాణ్ణి. థర్డ్ ఫారంతో నా బడి ముగిసింది. మిగిలిన చదువంతా కాలవ పక్క గ్రంథాలయంలోనే. పని వదలగానే సైకిలు అక్కడ ఆపి, తలుపులు వేసేదాకా చదివేవాణ్ణి. చరిత్ర, వైద్యం, ఖగోళం, ఏది దొరికితే అది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కునేవాణ్ణి. డిగ్రీలున్న వకీళ్ళు కొందరు ఆ బల్ల దగ్గర పత్రిక చూసి వెళ్ళిపోయేవారు. నేను బీరువాలు వరసగా ఖాళీ చేస్తున్నానని లోపల గర్వపడేవాణ్ణి. ఆ గర్వం పూర్తిగా తప్పని ఈనాటికీ అనుకోను.

నా భార్య నేర్పిన భాష నాకు ఏలూరులో కూడా అక్కరకొచ్చింది. అచ్చాఫీసులో ట్రెడిల్ అచ్చుయంత్రం తొక్కుతుంటే పక్కవాడి మాట వినపడదు. సిరా ఎక్కువైంది, కాగితం వంకర, ఆపు, ఈ మూడూ సైగలతో చెప్పుకోవడం తోటివాళ్ళకు నేర్పాను. గ్రంథాలయంలో నిశ్శబ్దం అని బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని నేనూ, నా తోటి కంపోజిటరూ అరగంటసేపు వాదించుకునేవాళ్ళం. గ్రంథాలయం చూసే పెద్దమనిషి మమ్మల్ని కళ్ళద్దాల మీదుగా చూసేవాడు. ఏ నియమం కింద మందలించాలో ఆయనకు తోచేది కాదు. నా భార్యను పుట్టింటికి పంపేటప్పుడు కూడా అంతే. కాలవ మీద పడవ కదిలాక ఒడ్డున ఉన్నవాళ్ళంతా చెయ్యి ఊపి ఊరుకునేవారు. మేము మాత్రం వంపు తిరిగేదాకా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. అన్నం తింటూ మాట్లాడవచ్చు. పక్కన పిల్లలు నిద్రపోతున్నా మాట్లాడవచ్చు. చుట్టాల మధ్య కూర్చుని ఆ చుట్టాల గురించే మాట్లాడవచ్చు. ఇది మంచి అలవాటని చెప్పను.

ఒక చైత్రంలో, కొల్లేటి పుట్టింట్లో, మాకు అమ్మాయి పుట్టింది. అయిదో నెలలో తల్లీపిల్లా మా ఇంటికి వచ్చారు. పిల్ల ఏడిస్తే ఎలా వినపడుతుందని అందరికీ బెంగ. నా భార్య ఉయ్యాలకు ఒక సన్నని తాడు కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి చుట్టుకుని పడుకునేది. పిల్ల కదిలితే చాలు, లేచేది. వదినకు చెవులున్నా ఆమె పిల్లల ఏడుపుకి మేమే వెళ్ళి ఆమెను లేపేవాళ్ళం.

అయినా అమ్మకు వేరే భయం ఉంది. ఒకరోజు నేను భోంచేస్తుంటే విసనకర్ర విసురుతూ అడిగింది.

"ఒరేయ్, నువ్వు అన్ని పుస్తకాలు చదువుతావుగదా. మాటరాని తల్లి దగ్గర పెరిగితే పిల్లకి మాట వస్తుందిరా?"

సరిగ్గా ఆ వారమే ఒక లావు వైద్యగ్రంథంలో పిల్లల మాట గురించి రెండు పేజీలు చదివాను. చుట్టూ మాట వినపడని పిల్లలు మూగగా మిగిలిపోతారని అందులో ఉంది. మూడో పేజీ తిప్పేలోగా తలుపులు వేస్తున్నామని గంట కొట్టారు. నాకు తెలిసిన సంగతి అడిగారు కదా అన్న సంబరంలో గొంతు సవరించుకున్నాను.

"శాస్త్రం ప్రకారం రాదమ్మా. పెద్ద పెద్ద డాక్టర్లు పరిశీలించి రాశారు. పిల్ల విన్నదే పలుకుతుంది. వినకపోతే మూగదవుతుంది."

అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నేను ఇంకా రెండు ఇంగ్లీషు మాటలు కూడా వాడినట్టు గుర్తు.

మర్నాడు అమ్మ తాడేపల్లిగూడెంలో ఉన్న మా అక్కకు అన్నయ్య చేత కార్డు రాయించింది. బావగారికి అక్కడ రైస్‌మిల్లులో పని. వాళ్ళబ్బాయి బడికి వెళ్తున్నాడు, ఇల్లు ఖాళీ. కుప్పలు నూర్చే రోజులకు అక్క వచ్చి పిల్లను తీసుకెళ్ళాలి. మాటలు వచ్చేదాకా, రెండేళ్ళో మూడేళ్ళో, అక్కడే పెంచాలి. అప్పటికి ఆవుపాలు అలవాటు చెయ్యాలి. ఇదీ ఏర్పాటు. అమ్మ దుర్మార్గురాలు కాదు. మనవరాలు మూగదైపోతుందని ఆమెతో చెప్పింది నేను.

నా భార్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేకపోయింది. ఆమె ముఖాలు చదివేది, పిల్లకు ఉన్నట్టుండి ఆవుపాలు మొదలుపెట్టడమూ చూసింది. గుసగుసలు మామూలుగా వినపడేవాళ్ళకే అందవు, ఆమెకు గుసగుసకూ కేకకూ తేడా లేదు. నాలుగో రోజు చెరువు దగ్గర బిందె దించి నా ఎదుట నిలబడింది.

"అమ్మాయిని ఎక్కడికి పంపుతున్నారు?"

ఏమీ లేదని చెప్పబోయాను. నోటితో అబద్ధమాడేవాడు చూపు పక్కకు తిప్పుకోవచ్చు, చెప్పు సరిచేసుకోవచ్చు. చేతులతో మాట్లాడేవాడు ఎదుటి మనిషి ముఖంలోకి చూడక తప్పదు. నా చేతులు సగంలో ఆగిపోయాయి. ఉన్నదంతా చెప్పేశాను, పుస్తకం సంగతితో సహా.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని అడిగింది.

"ఆ పుస్తకం రాసినవాడు మన అమ్మాయిని చూశాడా?"

"లేదు."

"నన్ను చూశాడా?"

"లేదు."

"నువ్వు రోజూ చూస్తున్నావు. నువ్వే అలా చెప్పావు."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలారోజులు అవసరానికి మించి నాతో మాట్లాడలేదు. చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషి మౌనం ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నేను మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళి అదే పుస్తకం తీసి మూడో పేజీ తిప్పాను. ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఇంకొకరున్నా చాలునట. పిల్ల వాళ్ళ దగ్గర మాట నేర్చుకుంటుందట. మా ఇంట్లో అమ్మ ఒక్కతే పదిమంది పెట్టు. ఆ పేజీ ముందు తల వంచుకుని కూర్చున్నాను. సొంతంగా చదువుకున్నవాడికి గురువు ఉండడు. సగం చదివి పూర్తి మాట చెప్పినప్పుడు చెవి మెలిపెట్టేవాడు ఉండడు. ఆ సంగతి నాకు తెలియదని కాదు, నాకు వర్తిస్తుందని అనుకోలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"మొన్న రాదన్నావు. ఇవాళ వస్తుందంటున్నావు. పెళ్ళాం ఏడ్చిందనా?"

"కాదమ్మా, మూడో పేజీలో ఉంది."

"ఇంకో వారానికి నాలుగో పేజీలో ఇంకోటుంటుంది. నీ పుస్తకం మాట మార్చుకోవచ్చు. పిల్ల బతుకురా ఇది. మార్చుకోవడానికి వీల్లేదు."

అమ్మ విసనకర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వర్షాలు వెనకబట్టాయి, కోతలు మొదలయ్యాయి. నా భార్య పనుల్లో ఉన్నా పిల్లతో మాట్లాడుతూనే ఉండేది. కాకి వాలితే చూపించి దాని పేరు చేత్తో చెప్పేది. పాలు, దీపం, నాన్న, నాయనమ్మ, అయిపోయింది. పిల్ల కళ్ళు తల్లి చేతుల వెంట తిరిగేవి. అక్క వచ్చే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆమె మరీ ఎక్కువగా మాట్లాడేది. వెళ్ళిపోయే మనిషికి అన్నీ చెప్పి పంపాలన్న తొందర అందులో కనిపించేది. నేను చూసి చూడనట్టు సైకిలెక్కేవాణ్ణి.

అమ్మాయికి పదో నెలలో అక్క వచ్చింది. తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి, బండి కట్టించుకుని వచ్చింది. మర్నాడు ఆదివారం. సోమవారం పిల్లతో తిరుగు ప్రయాణం.

ఆ ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక కళ్ళంలో మా నూర్పు సాగుతోంది. కూలీలకు అంబలి ఇవ్వడానికి నా భార్య కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. నేను పెరటి గుమ్మంలో కూర్చున్నాను. అమ్మ పిల్లను కొత్తగడ్డి మీద గోనె పరిచి ఆడిస్తోంది. అలవాటు పడుతుందని అక్క పక్కనే కూర్చుని చప్పట్లు కొడుతోంది.

ఉన్నట్టుండి పిల్ల గుక్కపట్టింది. అమ్మ ఎత్తుకుని తిప్పింది. పాలు పట్టబోతే తోసేసింది. అక్క ఎత్తుకుంటే ఇంకా పెద్దగా ఏడ్చింది.

"కడుపునొప్పేమో. వాము నలిపి పట్టండత్తయ్యా," అంది వదిన వంటింట్లోంచి.

"దిష్టే. నిన్న బండి దిగగానే ఊరంతా వచ్చి చూసి పోయారు. ఉప్పూ మిరపకాయలూ తేవే," అంది అమ్మ.

దిష్టి తీశారు. ఏడుపు తగ్గలేదు. పిల్ల ఒక చేతి వేళ్ళతో రెండో చేతి వెనక పట్టుకుని గిల్లుకుంటోంది. ఆగి మళ్ళీ గిల్లుకుంటోంది. అమ్మ అది చూసి భయపడిపోయింది.

"ఇదేవిట్రా ఇలా చేతులు మెలికలు పెడుతోంది? ఈడ్పు వస్తోందా? బండి కట్టరా, పెదపాడు వైద్యుడు ఆచారిగారి దగ్గరికి తీసుకుపోదాం!"

నేను లేచాను. అప్పటికి నా భార్య ఖాళీ కుండతో గట్టు మీద తిరిగి వస్తోంది. యాభై గజాల దూరం ఉంటుంది. అమ్మ భుజం మీదుగా పిల్ల ముఖం అటువైపు ఉంది. తల్లిని చూడగానే పిల్ల చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని గిల్లుకుంది. నా భార్య కుండ గట్టు మీదే దించేసింది. రెండు చేతులూ ఎత్తి నాతో చెప్పింది.

"చీమ. గౌను విప్పి చూడండి."

చీమ అనడానికి మా ఇంట్లో సైగ, చేతి వెనక గిల్లడం. ఆ సైగ నేను వెయ్యిసార్లు చూసిందే. పిల్ల చెయ్యి అంత వంకరగా తిప్పడంతో గుర్తుపట్టలేకపోయాను. పిల్ల మాట్లాడుతుందన్న ఊహ నాకు రాకపోవడం అసలు కారణం.

"చీమటమ్మా! గౌను విప్పండి!"

అక్క గౌను పైకెత్తింది. మొలతాడు కింద రెండు గండుచీమలు పట్టుకుని ఉన్నాయి. చుట్టూ ఎర్రగా దద్దురు లేచింది. గడ్డిలోంచి ఎక్కి ఉంటాయి. అక్క వాటిని లాగి పారేసింది. వెన్న రాశాక వెక్కిళ్ళు మిగిలాయి, ఏడుపు ఆగింది.

అమ్మ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గట్టు మీద వస్తున్న కోడలివైపు చూసింది.

"అంత దూరం నించి దానికెలా తెలిసిందిరా?" అంది.

"అమ్మాయి చెప్పింది."

"పదినెలల పిల్ల చెప్పడమేవిటి?"

"చెప్పిందమ్మా. చీమ అని నీ ఎదటే నాలుగుసార్లు చెప్పింది. నీకూ అర్థం కాలేదు, నాకూ కాలేదు."

అక్క పిల్ల చేతిని తన అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "మావాడు మాట్లాడేసరికి రెండేళ్ళు దాటింది. ఎందుకేడుస్తున్నాడో తెలియక నేను ఏడ్చిన రోజులున్నాయి. ఇది చూడు, చీమ అని పేరు పెట్టి చెప్తోంది," అంది. అమ్మకేసి తిరిగి, "అమ్మా, దీన్ని నేను తీసుకెళ్ళి ఏం చెయ్యను? ఇక్కడ మాట్లాడుతున్న పిల్ల అక్కడికొస్తే మూగదవుతుంది. నాకేం తెలుస్తుంది చెప్పు, నేనూ దిష్టే తీస్తాను," అంది.

నా భార్య వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. పిల్లను అందుకోవడానికి చేతులు చాచలేదు. అక్క నోరు కదలడం ఆమె చూసింది. ఏమని తేలిందో తెలియక, నన్ను అడగక, అత్తగారి ముఖం వంకే చూస్తూ నిలబడింది. ఆ చూపు తలుచుకుంటే ఈనాటికీ నాకు ఆ మూడో పేజీ గుర్తొస్తుంది.

అమ్మ ఒళ్ళో కూర్చున్న పిల్ల ఇంకేదో అంది. గుప్పిలి ముడిచి విప్పింది, మళ్ళీ ముడిచింది. అమ్మ ఆ గుప్పిలి చూసింది, కోడలిని చూసింది. నాకేసి తిరిగి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గడ్డం పైకెత్తి, అరచెయ్యి వెల్లకిలా తిప్పి కోడలినే అడిగింది. ఏమంటోంది ఇది?

అది ఏ దేశంలోనైనా అర్థమయ్యే సైగే. కానీ మా ఇంటికి కోడలు వచ్చిన అయిదేళ్ళలో అమ్మ ఆమెతో అరవకుండా అడిగిన మొదటి మాట అది.

నా భార్య తన రొమ్ము మీద చెయ్యి వేసి చూపించింది. పాలు.

"మరి ఆవుపాలు పడితే తోసేసిందేం," అని గొణిగి, అమ్మ పిల్లను కోడలికి అందించింది. ఆ తర్వాత అక్కకేసి చూడకుండానే, "రేపటి రైలుకి నువ్వొక్కదానివే వెళ్ళు. మీ ఆయనకి రెండు వీసెల కొత్తబియ్యం కట్టిస్తాను," అంది. తీర్పు చెప్పడం అంతటితో అయిపోయింది. తను పొరపాటు పడ్డానని గానీ, నేను పొరపాటు చెప్పానని గానీ ఎత్తలేదు.

మా అమ్మాయి ఏడాదిన్నర దాటాక నోటితో కూడా మాట్లాడింది. అమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడేది.

అక్క వెళ్ళిన మధ్యాహ్నం నేను అచ్చాఫీసు నుంచి పెందరాళే వచ్చాను. అమ్మ పెరటి అరుగు మీద కోడలికి ఎదురుగా కూర్చుని ఉంది. పక్కన వదిన దుబాసీ.

"ముందు ఏడుపు మాటలు నేర్పమను. ఆకలి, నొప్పి, చీమ, నిద్ర. మిగతా సోకులు తర్వాత చూద్దాం."

"అవన్నీ వచ్చాక మల్లెపూలు ఎలా అడగాలో నేను నేర్పుతాలెండి అత్తయ్యా," అంది వదిన.

"నోర్ముయ్యవే. వెల్లుల్లి సంగతి నాకు తెలియదనుకున్నావా?"

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ నొప్పి అనబోయి ఇంకేదో అంది. నా భార్య తల అడ్డంగా ఊపింది. అమ్మ మళ్ళీ చేసింది. మళ్ళీ తప్పే. నా భార్య ఒక్క క్షణం తటపటాయించి, ముందుకు జరిగి, అత్తగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. బిగుసుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే మడిచి, ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచింది. అమ్మ తన చేతిని చిన్నపిల్లలా ఆమెకు వదిలేసింది.